తీగ తెగిన తరువాత
టెలికం సంస్థల వ్యర్థాలు: వాటి దారి, వాటి బాధ్యత

బెంగళూరులోని ఏ పాత పేటలోనైనా వీధి స్తంభం దగ్గర తల ఎత్తి చూస్తే నల్లని తీగల కట్టలు చెట్ల కొమ్మల మీదుగా, మేడల పిట్టగోడల మీదుగా సాగిపోతూ కనిపిస్తాయి. వాటిలో కొన్ని ఇంటింటికీ ఇంటర్నెట్‌ను మోస్తున్నవి. మరికొన్ని ఏనాడో పనిచేయడం మానినవి. కనెక్షన్ ఇచ్చిన సంస్థ మూతపడి ఉంటుంది, లేదా కొత్త తీగ లాగి పాతదాన్ని అక్కడే వదిలేసి ఉంటుంది. చుట్టలు చుట్టి కొమ్మకు వేలాడదీసిన ఆ తీగను ఎవరూ దొంగిలించరు, ఎవరూ విప్పి తీసుకుపోరు. అదే స్తంభం మీద పనికిరాని రాగి తీగ ఉంటే అది ఎన్నో రోజులు నిలవదు.

ఈ రెండు తీగల మధ్య ఉన్న తేడా ధరలో ఉంది. రాగికి గుజరీ అంగడిలో కిలో లెక్కన మంచి ధర పలుకుతుంది. గాజు పోగులతో, ప్లాస్టిక్ తొడుగుతో తయారైన ఆప్టికల్ ఫైబర్‌ను కొనేవారు అరుదు. టెలిఫోను, ఇంటర్నెట్ సంస్థల నుంచి వెలువడే వ్యర్థాలన్నింటికీ ఈ సూత్రమే వర్తిస్తుంది. ధర పలికే వ్యర్థం చాలాసార్లు ప్రమాదకరమైన చేతుల్లోకి చేరుతుంది. ధర పలకని వ్యర్థం వీధిలోనో, ఇంటి అటక మీదనో మిగిలిపోతుంది. రెండు సందర్భాల్లోనూ నష్టపోయేది నగరమే. కాబట్టి టెలికం వ్యర్థాల నిర్వహణలో అసలు పని, వ్యర్థం ఎటు పోవాలో ధర నిర్ణయించే పరిస్థితిని మార్చి, ఆ నిర్ణయాన్ని బాధ్యతకు అప్పగించడం.

సెల్‌ఫోను వెనుక ఉన్న సామాను

టెలికం వ్యర్థం అనగానే పాత ఫోను గుర్తుకు వస్తుంది. అది ఆ వ్యవస్థకు ఒక చివర మాత్రమే. ఫోను మోగాలంటే దాని వెనుక టవరు ఉండాలి. టవరు మీద యాంటెన్నాలు, రేడియో యూనిట్లు, కింద విద్యుత్తును మార్చే రెక్టిఫయర్లు, వరుసగా పేర్చిన బ్యాటరీలు, కరెంటు పోతే నడిచే డీజిల్ జనరేటరు, కొన్నిచోట్ల యంత్రాలను చల్లబరచే ఏసీతో కూడిన చిన్న గది ఉంటాయి. టవరు నుంచి భూగర్భ కేబుళ్ళు ఎక్స్చేంజికి, అక్కడి నుంచి డేటా కేంద్రానికి పోతాయి. ఇంటి చివర రౌటరు, మోడెం, సెట్‌టాప్ బాక్సు, వాటి అడాప్టర్లు ఉంటాయి. దేశంలో ఇప్పుడు 8 లక్షలకు పైగా మొబైల్ టవర్లు ఉన్నాయి. వీటిలో ప్రతి వస్తువూ ఏదో ఒకనాడు పాతబడవలసిందే.

ఈ కథలో బెంగళూరుకు ప్రత్యేక స్థానం ఉంది. స్వతంత్ర భారతదేశంలో తొలి ప్రభుత్వ రంగ సంస్థగా చెప్పుకునే టెలిఫోను పరికరాల కర్మాగారం ఐ.టి.ఐ. 1948లో ఇక్కడే ఏర్పడింది. దాని చుట్టూ వెలసిన కాలనీకి దూరవాణి నగర్ అనే పేరు వచ్చింది. ఆ కాలపు ఎక్స్చేంజిలు ఉక్కు, ఇత్తడి భాగాలతో నిండిన పెద్ద హాళ్ళు. ఒకసారి నిలబెడితే దశాబ్దాల పాటు పనిచేసేవి. 1986 జులైలో సి-డాట్ రూపొందించిన చిన్న గ్రామీణ ఎక్స్చేంజి కర్ణాటకలోని కిత్తూరులో తొలిసారిగా పని ప్రారంభించింది. దుమ్మును, వేడిని తట్టుకుని, ఏసీ అవసరం లేకుండా నడవడం దాని విశిష్టత. ఏసీ లేని చోట ఏసీ వ్యర్థం కూడా పుట్టదు. వ్యర్థాన్ని తగ్గించడం నమూనా గీసే బల్ల దగ్గరే మొదలవుతుందని ఆ చిన్న పెట్టె చూపింది.

తరువాతి కాలంలో పరికరాలు చిన్నవయ్యాయి, వాటి ఆయుష్షూ తగ్గింది. ప్రైవేటు సంస్థల 3జీ సేవలు దేశంలో 2010 చివర మొదలయ్యాయి. భారతీ ఎయిర్‌టెల్ 2020లో తన 3జీని మూసివేసింది. అంటే ఒక తరం సాంకేతికతకు దక్కింది సుమారు పదేళ్ళు. 5జీ 2022 అక్టోబరు 1న ప్రారంభమైంది. తరం మారిన ప్రతిసారీ టవరు మీది నుంచి సామాను దిగుతుంది. ఆ సామాను ఎక్కడికి పోతుందన్నదే ప్రశ్న.

ధర పలికే వ్యర్థం

టెలికం వ్యర్థాల్లో మూడు వస్తువులకు గిరాకీ ఎక్కువ. అవి రాగి కేబులు, సీసపు బ్యాటరీ, సర్క్యూట్ బోర్డు. ప్రమాదం కూడా ఈ మూడింటిలోనే ఎక్కువ.

రాగి కేబులు మీది ప్లాస్టిక్ తొడుగును యంత్రంతో ఒలిస్తే రాగి శుభ్రంగా బయటపడుతుంది. యంత్రం లేని చోట తీగను కుప్పపోసి నిప్పు పెడతారు. తొడుగు పి.వి.సి. అయితే ఆ మంటలోంచి హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఆమ్ల వాయువు, డయాక్సిన్లు అనే అతి విషపూరిత పదార్థాలు వెలువడతాయి. తగలబెట్టినవాడికి దక్కేది రాగి. పొగ మాత్రం గాలి వీచిన దిక్కున ఉన్న ఇళ్ళన్నింటికీ అందుతుంది.

టవరు కింద ఉండే సంప్రదాయ బ్యాటరీ వ్యవస్థ 48 వోల్టులది. ఒక్కొక్కటి 2 వోల్టులు ఇచ్చే 24 సెల్లులను వరుసగా కలిపి దాన్ని అమర్చుతారు. సెల్లు బరువులో అధికభాగం సీసం, మిగిలినదాంట్లో సల్ఫ్యూరిక్ ఆమ్లం ముఖ్యమైనది. సీసాన్ని ఎన్నిసార్లయినా కరిగించి మళ్ళీ వాడుకోవచ్చు. సరైన కర్మాగారానికి చేరితే ఇంత చక్కగా తిరిగి వాడుకలోకి వచ్చే లోహాలు తక్కువ. అదే బ్యాటరీని పెరట్లో పగలగొట్టి, ఆమ్లాన్ని మురుగుకాలువలో ఒంపి, సీసాన్ని బొగ్గుల పొయ్యి మీద కరిగిస్తే ఆ ధూళి నేలలోనూ ఇంటి గడపల మీదా చేరుతుంది. రక్తంలో సీసం ఇంతవరకు ఉంటే హాని లేదు అని చెప్పగల పరిమితి ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది. పసిపిల్లల మెదడు ఎదుగుదలను అది దెబ్బతీస్తుంది. ఆ నష్టం తరువాత పూడేది కాదు.

సర్క్యూట్ బోర్డుల్లో రాగితో పాటు స్వల్పంగా బంగారం, వెండి, పల్లేడియం ఉంటాయి. కోలారు బంగారు గనుల్లో ఎన్నో తెలుగు, తమిళ కుటుంబాలు తరతరాలుగా పనిచేశాయి. ఆ గనులు 2001 ఫిబ్రవరిలో మూతపడ్డాయి. చివరి సంవత్సరాల్లో అక్కడ టన్ను ఖనిజం తవ్వితే దొరికినది కొద్ది గ్రాముల బంగారమే. టన్ను సర్క్యూట్ బోర్డుల్లో అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ బంగారం ఉంటుంది. ఆ ఆశతోనే కొందరు బోర్డులను ఘాటైన ఆమ్లాల్లో ముంచి లోహాన్ని తీస్తారు. చేతులకు తొడుగు ఉండదు, ముక్కుకు అడ్డు ఉండదు. మిగిలిన ద్రవం కాలువ పాలవుతుంది. ఈ పద్ధతిలో లోహం పూర్తిగా రాదు కూడా. ఆధునిక లోహశుద్ధి కర్మాగారం రాబట్టగల దానిలో గణనీయమైన భాగం వృథా అవుతుంది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. పాత సామాను కొనే చిన్న వ్యాపారి ఈ కథలో ప్రతినాయకుడు కాడు. ఇంటింటికీ తిరిగి వస్తువును సేకరించడం, రకాలుగా వేరుచేయడం నిజమైన నైపుణ్యం. నగరానికి ఆ శ్రమ అవసరం. ప్రమాదం సేకరణలో లేదు. అనుమతి, పరికరాలు లేకుండా పగలగొట్టడంలో, కాల్చడంలో, ఆమ్లంలో ముంచడంలో ఉంది. సేకరించినదాన్ని విప్పకుండా నమోదైన రీసైక్లింగ్ సంస్థకు అప్పగించినప్పుడు ఆ వ్యాపారి కుటుంబమే ముందుగా కాపాడబడుతుంది.

ధర పలకని వ్యర్థం

రెండో రకం వ్యర్థాలకు దొంగల భయం లేదు, దిక్కూ లేదు. చచ్చిన ఫైబర్ తీగ, రౌటరు ప్లాస్టిక్ డబ్బా, సన్నని వైరు ఉన్న అడాప్టరు, టవరు తొలగించాక నేలలో మిగిలే కాంక్రీటు దిమ్మె, గది గోడలకు వాడిన ఫోము పలకలు ఈ జాబితాలోకి వస్తాయి. వీటిని తీసుకుపోవడానికయ్యే రవాణా ఖర్చు వీటి విలువను మించిపోతుంది.

వేలాడే తీగ చూడటానికి వికారంగా ఉండటంతో ఆగదు. రాత్రివేళ ద్విచక్రవాహనదారుడి మెడకు తగలవచ్చు. చెట్టు కొమ్మ విరిగినప్పుడు పక్కనున్న విద్యుత్తు తీగను కూడా లాగవచ్చు. నేలలో పాతిన కేబులుది మరొక సమస్య. ఏ సంస్థ కేబులు ఎక్కడుందో మరొకరికి తెలియక తవ్వినప్పుడు తెగిపోతుంది. దేశంలో ఏటా సుమారు 10 లక్షల చోట్ల ఇలా కేబుళ్ళు తెగుతున్నాయని, నష్టం 3,000 కోట్ల రూపాయల వరకు ఉంటుందని కేంద్ర ప్రభుత్వం అంచనా వేసింది. ఈ కారణంగానే తవ్వకానికి ముందు సమాచారం ఇచ్చిపుచ్చుకునే 'కాల్ బిఫోర్ యూ డిగ్' అనే యాప్‌ను 2023 మార్చిలో ప్రవేశపెట్టారు. తెగిన ప్రతి కేబులూ కొంత వ్యర్థాన్ని మిగిల్చుతుంది. తెగకుండా ఆపగలిగితే ఆ వ్యర్థం పుట్టనే పుట్టదు.

ఇళ్ళలోని రౌటర్లది ఇదే జాతి. ఒక్కొక్కటి చిన్నదే. ప్రతి ఇంట్లో ఒకటి రెండు చొప్పున లెక్కవేస్తే నగరం మొత్తం అటకల మీద ఎంత పోగుపడిందో ఊహించవచ్చు. 2022లో ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఇ-వ్యర్థం పుట్టిందని, అందులో 22.3 శాతం మాత్రమే సక్రమమైన పద్ధతిలో సేకరించి రీసైకిల్ చేసినట్లు నమోదైందని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక చెబుతోంది. మిగిలినదానిలో కొంత పెరటి మంటల్లోకి, కొంత చెత్తకుప్పల్లోకి, కొంత అటకల మీదికి పోయింది.

చట్టం ఎవరిని బాధ్యుణ్ణి చేసింది

ఈ రెండు రకాల వ్యర్థాలనూ సరైన దారిలో పెట్టడానికి భారత ప్రభుత్వం ఎంచుకున్న మార్గం 'ఉత్పత్తిదారుని విస్తృత బాధ్యత'. వస్తువును తయారుచేసి లేదా దిగుమతి చేసి తన పేరుతో అమ్మినవారే, అది పాడయ్యాక దాని సంగతి కూడా చూడాలన్నది దాని సారం. తొలి ఇ-వ్యర్థ నియమాలు 2011లో వెలువడి 2012 మే నుంచి అమలయ్యాయి. 2016లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. ప్రస్తుత నియమాలు 2022 నవంబరులో ప్రకటితమై 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నాయి. వీటి పరిధిలోకి వచ్చే వస్తువుల సంఖ్య 21 నుంచి 106కు పెరిగింది. ఫోన్లు, రౌటర్లు, మోడెములు అందులో ఉన్నాయి.

కొత్త నియమాల ప్రకారం ఉత్పత్తిదారులు, మరమ్మతు చేసి తిరిగి వాడుకలోకి తెచ్చేవారు, రీసైక్లింగ్ సంస్థలు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదు కావాలి. ఉత్పత్తిదారులు తమ లక్ష్యానికి సరిపడా వ్యర్థం రీసైకిల్ అయినట్లు ధ్రువపత్రాలు పొందాలి. ఈ లక్ష్యం మొదటి రెండేళ్ళకు 60 శాతం. 2025-26 నుంచి రెండేళ్ళ పాటు 70 శాతం. 2027-28 నుంచి 80 శాతం. నమోదైన సంస్థ ఎంత లోహాన్ని నిజంగా రాబట్టిందన్న లెక్క మీద ధ్రువపత్రం వస్తుంది. ధర లేని వ్యర్థాన్ని సేకరించడానికి కూడా ఎవరో ఒకరు డబ్బు ఖర్చుపెట్టవలసిన పరిస్థితిని ఈ ఏర్పాటు కల్పిస్తుంది.

టెలికం సంస్థ ఇందులో రెండు పాత్రల్లో కనిపిస్తుంది. తన పేరుతో రౌటర్లు దిగుమతి చేసుకున్నా, అమ్మినా అది ఉత్పత్తిదారు. జాబితాలోని పరికరాలను ఒక ఆర్థిక సంవత్సరంలో ఏ సమయంలోనైనా వెయ్యికి తగ్గకుండా వాడితే అది స్థూల వినియోగదారు. స్థూల వినియోగదారు తన ఇ-వ్యర్థాన్ని వేలంలో ఎక్కువ ధర పాడినవాడికి అమ్ముకోవడానికి వీలు లేదు. నమోదైన ఉత్పత్తిదారుకో, మరమ్మతు సంస్థకో, రీసైక్లింగ్ సంస్థకో మాత్రమే అప్పగించాలి. పెద్ద కంపెనీలకే కాక, ఆ సంఖ్యలో పరికరాలున్న కార్యాలయాలకు, ఆసుపత్రులకు, కళాశాలలకు కూడా ఈ నియమం వర్తిస్తుంది.

బ్యాటరీలు ఇ-వ్యర్థ నియమాల కిందకు రావు. వాటికి 2022 ఆగస్టులో వేరే నియమాలు వచ్చాయి. వాటి ప్రకారం పాత బ్యాటరీని భూమిలో పాతిపెట్టడం, దహించడం నిషిద్ధం. జనరేటర్ల నుంచి తీసిన వాడిన నూనె ప్రమాదకర వ్యర్థాల నియమాల కిందకు, కూల్చిన గదులు, దిమ్మెలు నిర్మాణ వ్యర్థాల నియమాల కిందకు వస్తాయి. ఒక్క టవరును తొలగించడానికి ఇన్ని దారులు వేరుచేయవలసి ఉంటుంది. అన్నింటినీ కలిపి ఒకే లారీలో తుక్కుగా పంపడం సులువైన పనే కాని, చట్టసమ్మతం కాదు.

తగ్గించే పని ఏ వరుసలో సాగుతుంది

రీసైక్లింగ్ చివరి మెట్టు. దానికి ముందు ఇంకా కొన్ని మెట్లున్నాయి. మంచి సంస్థ వాటిని పైనుంచి ఒక్కొక్కటిగా దిగుతుంది.

మొదటి మెట్టు, కొత్త వస్తువు అవసరాన్నే తగ్గించడం. ఒకే టవరును, ఒకే విద్యుత్ వ్యవస్థను రెండు మూడు సంస్థలు పంచుకుంటే రెండు మూడు టవర్ల ఉక్కు, కాంక్రీటు, బ్యాటరీలు మిగులుతాయి. భారతదేశంలో టవర్ల పంపకం విస్తృతంగా సాగుతోంది. అందుకోసమే ప్రత్యేకంగా టవరు కంపెనీలు ఏర్పడ్డాయి. వేర్వేరు తరాలకు వేర్వేరు పెట్టెలు పెట్టే బదులు, సాఫ్ట్‌వేర్ మార్పుతో 2జీ, 4జీ రెండింటినీ ఒకే పరికరంపై నడపడం మరొక ఉపాయం. రేడియో యూనిట్‌ను నేల మీది గదిలోంచి తీసి టవరు మీద యాంటెన్నా పక్కన అమర్చడం వల్ల కింది నుంచి పైకి వేసే బరువైన రాగి కేబులు తప్పుతుంది. పరికరాలను బయటి వాతావరణాన్ని తట్టుకునే అల్మారాల్లో పెడితే గది, ఏసీ, దానిలోని శీతలీకరణ వాయువు, మూడూ అక్కరలేదు.

రెండో మెట్టు, ఉన్నదాన్ని మరోచోట వాడటం. నగరంలో రద్దీ పెరిగి సామర్థ్యం చాలని పరికరం, తక్కువ రద్దీ ఉన్న పట్టణంలో ఇంకా కొన్నేళ్ళు పనిచేయగలదు. 2018 ఆగస్టులో వొడాఫోన్, ఐడియా సంస్థలు విలీనమైనప్పుడు అనేక చోట్ల ఒకే ప్రదేశంలో రెండు జతల పరికరాలు మిగిలాయి. అధికంగా ఉన్నవాటిని విప్పి ఇతర ప్రదేశాలకు తరలించారు. ఈ పని జరగాలంటే ఏ పరికరం ఎక్కడుంది, ఏ సంవత్సరానిది, ఏ స్థితిలో ఉంది అనే లెక్క కచ్చితంగా ఉండాలి. లెక్క లేని గోదాములో మంచి పరికరం కూడా తుక్కుగా మారుతుంది. ఐరోపాలో ఆరెంజ్ వంటి సంస్థలు వాడిన నెట్‌వర్క్ పరికరాలను తమ వివిధ దేశాల శాఖల మధ్య పంచుకునే ఏర్పాటు చేసుకున్నాయి.

మూడో మెట్టు, మరమ్మతు. ఇళ్ళ నుంచి తిరిగి వచ్చిన రౌటరును పరీక్షించి, పాత ఖాతాదారు వివరాలు చెరిపి, డబ్బా శుభ్రం చేసి, అవసరమైతే అడాప్టరు మార్చి మరొక ఇంట్లో బిగించవచ్చు. చాలా రౌటర్లలో లోపలి బోర్డు బాగానే ఉంటుంది. పాడయ్యేది ఎక్కువగా అడాప్టరో, స్విచ్చో.

బ్యాటరీల విషయంలో మార్పు జరుగుతోంది. సీసపు బ్యాటరీల స్థానంలో లిథియం-అయాన్ బ్యాటరీలు వస్తున్నాయి. ఇవి తేలిక, త్వరగా ఛార్జి అవుతాయి, ఎక్కువ కాలం నిలుస్తాయి, డీజిల్ జనరేటరు నడిచే గంటలను తగ్గిస్తాయి. అయితే వీటి నుంచి లోహాలను తిరిగి రాబట్టడం సీసంతో పోలిస్తే క్లిష్టమైన పని. నలిగినా, చిల్లుపడినా నిప్పు అంటుకోవచ్చు. అంటే ఇక్కడ వ్యర్థం తగ్గింది కాని, మిగిలినదాన్ని మరింత జాగ్రత్తగా చూడవలసి వచ్చింది.

చిన్న వస్తువుల్లో కూడా పొదుపు సాధ్యమే. సిమ్ కార్డులో పనికి వచ్చేది వేలిగోరు అంత భాగమే. మిగిలిన చట్రం విరిచి పారేసే ప్లాస్టిక్. 2023లో భారతీ ఎయిర్‌టెల్ రీసైకిల్ చేసిన ప్లాస్టిక్‌తో సిమ్ కార్డులు తయారుచేయించనున్నట్లు ప్రకటించింది. ఫోనులోనే ఇమిడి ఉండే ఇ-సిమ్‌తో ఆ చట్రం అవసరం కూడా లేదు.

ఈ మెట్లన్నీ దిగాక మిగిలినదే రీసైక్లింగ్‌కు పోవాలి. దేశంలో అనుమతి పొందిన తొలి ఇ-వ్యర్థ కేంద్రాలలో ఒకటి 2005లో బెంగళూరు సమీపాన దాబస్‌పేట పారిశ్రామిక ప్రాంతంలో మొదలైంది. ఇలాంటి కేంద్రంలో వస్తువును ముందుగా చేతితో విప్పి బ్యాటరీ, కేబులు, బోర్డు, ప్లాస్టిక్, ఇనుములను వేరుచేస్తారు. తరువాత యంత్రంలో ముక్కలు చేసి, అయస్కాంతంతో ఇనుమును, ఇతర పద్ధతుల్లో రాగిని, అల్యూమినియంను విడదీస్తారు. దుమ్మును, పొగను వడపోతల గుండా పంపుతారు. పెరటి మంటకూ దీనికీ తేడా లోహంలో లేదు, ఈ వడపోతలో ఉంది.

ఇంటి గడప దగ్గర

బెంగళూరుకు అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి వచ్చి అద్దె ఇళ్ళలో ఉండే కుటుంబాలు తరచుగా ఇల్లు మారుతుంటాయి. కొత్త పేటలో పాత సంస్థ సేవ ఉండకపోవచ్చు. కొత్త కనెక్షన్‌తో కొత్త రౌటరు వస్తుంది, పాతది అట్టపెట్టెలో చేరుతుంది. చాలా పథకాల్లో రౌటరు సంస్థదే. వాడుకకు మాత్రమే ఇస్తారు. కనెక్షన్ రద్దు చేసుకునే రోజునే రౌటరు, అడాప్టరు రెండూ కలిపి తిరిగి ఇవ్వాలి. పరికరం సీరియల్ నంబరు రాసిన రసీదు తీసుకోవాలి. ధరావతు కట్టి ఉంటే అది తిరిగి రావడానికి కూడా ఆ రసీదే ఆధారం.

పాత ఫోనును సొంత ఊరికి పంపి తల్లిదండ్రులకో, చదువుకునే పిల్లలకో ఇవ్వడం ఎన్నో కుటుంబాల్లో ఉన్న అలవాటు. ఫోను ఆయుష్షును పెంచే మంచి పద్ధతి అదే. పంపే ముందు అవసరమైనవి దాచుకుని, ఖాతాల నుంచి బయటికి వచ్చి, ఫోనును కర్మాగారపు స్థితికి తేవాలి. సిమ్, మెమరీ కార్డు తీసేయాలి. ఆ ఫోను పూర్తిగా పాడయ్యాక ఊళ్ళో దాన్ని తీసుకునే కేంద్రం ఉండకపోవచ్చు. పండుగకు వెళ్ళినప్పుడు దాన్ని వెంట తెచ్చి నగరంలో అప్పగించడం ఆ అలవాటును పూర్తి చేస్తుంది. వాడిన ఫోను కొనేవారు *#06# నొక్కి గుర్తింపు సంఖ్యను చూసి, ప్రభుత్వ 'సంచార్ సాథీ' సేవలో సరిచూసుకోవాలి. దొంగ ఫోను అయితే అక్కడ తెలుస్తుంది.

ఉబ్బిన ఫోను బ్యాటరీని గుచ్చకూడదు, ఛార్జి పెట్టకూడదు, చెత్తబండిలో వేయకూడదు. బండిలో చెత్తను నొక్కినప్పుడు అది నలిగి మంట లేస్తే ప్రాణాపాయం పౌరకార్మికులకే. హసి కస, ఒణ కస అని రెండు డబ్బాలు వేరుగా ఉంచినట్లే ఇ-త్యాజ్య కోసం ఇంట్లో మూడో పెట్టె ఉంచాలి. అది నిండాక ఉత్పత్తిదారుని సేకరణ కేంద్రానికో, నమోదైన రీసైక్లింగ్ సంస్థకో ఇవ్వాలి. నమోదైన సంస్థల వివరాలు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో లభిస్తాయి. ఒక్కో ఇంటి నుంచి కొద్ది సామానే వస్తుంది కాబట్టి సంస్థల వాహనం రాకపోవచ్చు. అపార్టుమెంటు సంఘమో, వీధి సంఘమో మూడు నెలలకొక రోజు నిర్ణయించి పోగుచేస్తే వాహనం వస్తుంది. ఇన్వర్టరు పాత బ్యాటరీని కొత్తది కొనేటప్పుడే దుకాణంలో అప్పగించాలి. నీళ్ళు పోసే మూత విప్పి ఆమ్లాన్ని ఒంపడం ఎట్టి పరిస్థితిలోనూ తగదు.

వేలాడే తీగను ఎవరూ తమంతట తాము కోయకూడదు. అది పక్కింటివారి కనెక్షన్ కావచ్చు. విద్యుత్తు తీగకు తగులుతూ ఉండవచ్చు. స్తంభం నంబరు, స్థలం, ఫోటోతో వార్డు కార్యాలయానికి ఫిర్యాదు చేయాలి. తీగకు సంస్థ పేరు చీటీ కట్టి ఉంటే ఆ పేరును ఫిర్యాదులో రాయాలి.

లెక్క అడిగే హక్కు

సంస్థ తన మాట నిలుపుకుంటోందో లేదో తెలుసుకునే మార్గం సామాన్యుడికి కూడా ఉంది. మార్కెట్ విలువ ప్రకారం తొలి 1,000 స్థానాల్లో ఉన్న లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి సెబీ నిర్దేశించిన బాధ్యతా నివేదికను తప్పనిసరిగా ప్రచురించాలి. అందులో ఒక పట్టిక ఉంటుంది. ఇ-వ్యర్థం, బ్యాటరీ వ్యర్థం, ప్లాస్టిక్, నిర్మాణ వ్యర్థం, ఇతర ప్రమాదకర వ్యర్థం ఆ ఏడాది ఎన్ని టన్నులు పుట్టాయి, వాటిలో ఎంత తిరిగి వాడారు, ఎంత రీసైకిల్ చేశారు, ఎంత పారేశారు అనే అంకెలు అందులో విడివిడిగా ఇవ్వాలి. ఈ నివేదిక కంపెనీ వెబ్‌సైటులో అందరికీ అందుబాటులో ఉంటుంది. రెండు సంవత్సరాల పట్టికలను పక్కపక్కన పెట్టి చూస్తే వ్యర్థం తగ్గుతోందా, పెరుగుతోందా తెలుస్తుంది. తిరిగి వాడినది పెరిగి, రీసైక్లింగ్‌కు పంపినది తగ్గితే ఆ సంస్థ పై మెట్ల మీద పనిచేస్తున్నదని అర్థం చేసుకోవచ్చు.

కంపెనీ విషయంలో ఆ పట్టిక ఏ పని చేస్తుందో, ఇంటి విషయంలో చిన్న రసీదు అదే పని చేస్తుంది. వస్తువు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందో అది చెబుతుంది. రౌటరు తీసుకుపోవడానికి వచ్చిన కుర్రవాడిని రసీదు అడగడం, అపార్టుమెంటులో పోగైన సామాను తీసుకెళ్ళిన సంస్థను ధ్రువపత్రం అడగడం కొద్ది నిమిషాల పని. అడిగే ఇళ్ళు పెరిగినకొద్దీ, మధ్యదారిలో బోర్డు ఆమ్లపు తొట్టిలోకి, కేబులు పెరటి మంటలోకి మళ్ళే అవకాశం తగ్గుతుంది.